పోర్క్ రోస్ట్: పులుపు ముందురోజు రాత్రి, తీపి ఆఖరి పావుగంట

మీరు రాసిన దాని సారాంశం ఇదీ: హైదరాబాద్‌లో 60 లీటర్ల ఓటీజీ (కరెంటు ఓవెన్), రెండున్నర కిలోల పోర్క్ షోల్డర్. దాన్ని రెండు రోజులు కమలారసం, నిమ్మరసంలో నానబెట్టి, తేనెలో కమలారసం కలిపి మొదటినుంచీ పూస్తూ 200 డిగ్రీల దగ్గర గంటన్నర కాల్చారు. పైన బొగ్గు, లోపల చెప్పు తోలు, అంచులేమో పిండిపిండిగా. ఫ్లోరిడాలో చదువుకునే రోజుల్లో తిన్న రుచి కావాలి, ఈ క్రిస్మస్‌కి మళ్లీ ట్రై చేస్తాను, ఎక్కడ తప్పు చేశాను అని అడిగారు.

సామాన్లలో తప్పేం లేదండి. వేళల్లోనే ఉంది మొత్తం. నేను పదహారేళ్లుగా ఫ్లోరిడాలోని టాంపాలో ఉంటున్నాను, కేటరింగ్ వంట నా పని, డిసెంబర్ 24 వచ్చిందంటే షోల్డర్ల మీద షోల్డర్లు కాలుస్తాను. ఈ వంటలో మూడు పనులున్నాయి: ఉప్పు, పులుపు, తీపి. మూడూ మూడు వేర్వేరు సమయాల్లో చెయ్యాల్సినవి. మీరు పులుపుకి ఎక్కువ టైమిచ్చారు, తీపిని చాలా ముందు తెచ్చేశారు, ఉప్పు సంగతి అసలు రాయనే లేదు. వీటికి తోడు, కాల్చింది ఆ ముక్కకి సరిపడే పద్ధతి కాదు.

ముందు ఆ ముక్క గురించే చెప్తాను, ఎందుకంటే సగం మంది ఇక్కడే దెబ్బతింటారు. షోల్డర్ అంటే పంది రోజంతా వాడే భుజం కండ. నిండా జిగురు పొరలుంటాయి. మనం పాయా ఎంతసేపు ఉడికిస్తాం? పది నిమిషాల్లో దింపేస్తామా? ఇదీ అంతే. లోపలి వేడి 63 డిగ్రీలకి వస్తే పోర్క్ తినడానికి సేఫే (అమెరికా వ్యవసాయ శాఖ 2011లో ముక్కగా వండే పోర్క్‌కి 71 నుంచి 63కి తగ్గించింది, దించాక మూడు నిమిషాలు ఆగాలి, కీమాకి మాత్రం ఇప్పటికీ 71), కానీ సేఫ్ వేరు, మెత్తదనం వేరు. షోల్డర్‌లో ఆ జిగురు కరిగి జెల్లీ కావాలంటే లోపల 90 నుంచి 95 డిగ్రీలు రావాలి, అదీ నిదానంగా. మీరు గంటన్నరకి తీసేసినప్పుడు బహుశా 70 దగ్గర ఉండి ఉంటుంది, అంటే ఉడికింది కానీ మెత్తబడలేదు, అందుకే చెప్పు తోలు. షోల్డర్ ఎండిపోయిందని చాలామంది ఇంకా తక్కువ కాలుస్తారు, నిజానికి దానికి కావాల్సింది ఇంకో రెండు గంటలు. ఇంట్లో పెద్దవాళ్లకి పోర్క్ అంటే పురుగుల భయం ఉంటుంది కదా, 90 దాటిన ముక్కలో ఆ భయం కూడా అక్కర్లేదని చెప్పండి.

లాయిన్, అంటే వెన్ను పక్కన ఉండే కొవ్వు తక్కువ ముక్క, దాని లెక్క పూర్తిగా వేరు. 63కి దించెయ్యాలి, నానబెట్టడం రెండు మూడు గంటలు చాలు. షాపువాడు షోల్డర్ లేదని లాయిన్ అంటగడితే ఈ కింది పద్ధతి దానికి పనికిరాదు, గుర్తుంచుకోండి.

ఇక పులుపు. మీరు ఫ్లోరిడాలో తిన్నది క్యూబావాళ్ల లెచోన్ అసాదో (కాల్చిన పంది) అయ్యుంటుంది, లేదా దాని చుట్టం ఏదో. వాళ్లు ముక్కకి పట్టించే దాన్ని మోహో అంటారు: పుల్ల నారింజ రసం, వెల్లుల్లి, జీలకర్ర, ఒరెగానో, నూనె, ఉప్పు, అంతే. డిసెంబర్ 24 రాత్రి, నోచే బ్వేనా అంటారు వాళ్లు, ఆ రోజు ఇది లేని క్యూబా ఇల్లు ఉండదంటే పెద్ద అతిశయోక్తి కాదు. పెరట్లో చెక్కపెట్టె లోపల రేకు వేసి, మూత మీద బొగ్గులు పోసి, పందిని మొత్తంగా కాలుస్తారు, ఆ పెట్టె పేరు కాహా చీనా. తమాషా ఏంటంటే పందీ, నారింజా రెండూ ఆ కరీబియన్ దీవులవి కావు, 1493లో కొలంబస్ రెండోసారి వచ్చినప్పుడు ఓడల్లో తెచ్చినవే.

వాళ్ల పుల్ల నారింజకి నరాన్హా ఆగ్రియా అని పేరు. మన పాతకాలపు నారింజ కూడా పుల్లదే, ఇప్పుడు నారింజ అంటే మార్కెట్‌లో కమలాలు చూపిస్తారు కాబట్టి దొరక్కపోతే తంటాలు పడకండి: రెండు వంతులు కమలారసం, ఒక వంతు నిమ్మరసం. ఊరి నుంచి దబ్బకాయలు వస్తే నిమ్మరసం బదులు ఆ రసం వాడి చూడండి, ఆ చిరుచేదు వాసన నాకు ఇంకా నచ్చుతుంది, ఇండియా వచ్చినప్పుడు ఒకసారి అలా చేసి మా వాళ్లందరికీ పెట్టాను. ఒరెగానో విషయంలో ఇంకో చుట్టరికం ఉంది. ఇక్కడ నర్సరీల్లో క్యూబన్ ఒరెగానో అని కుండీలో అమ్మే మొక్క ఏంటో తెలుసా, మనం బజ్జీలు వేసుకునే వామాకు. మొదటిసారి ఆకు నలిపి వాసన చూసినప్పుడు నవ్వొచ్చింది. ఎండు ఒరెగానో ఉంటే అదే వాడండి, లేకపోతే వామాకు నాలుగైదు ఆకులు సన్నగా తరిగి వెయ్యండి, అంతకుమించి వద్దు, దగ్గుమందులా అయిపోతుంది.

రెండున్నర కిలోలకి నా కొలతలు: వెల్లుల్లి ఇరవై రెబ్బలు, సన్న ఉప్పు 30 గ్రాములు (ఐదు టీస్పూన్లు అటూ ఇటూ), వేయించి దంచిన జీలకర్ర రెండు టీస్పూన్లు, మిరియాలు ఒక టీస్పూను, ఒరెగానో ఒక టేబుల్‌స్పూను, పుల్లరసం ఒక కప్పు, నూనె మూడో వంతు కప్పు. వెల్లుల్లీ ఉప్పూ రోట్లో నూరండి, మిక్సీ కంటే రోలే మేలు, మిక్సీలో నీళ్లగా అవుతుంది. పక్కింటి క్యూబా పెద్దావిడ నాకు నేర్పింది ఇక్కడే: నూరిన ముద్దని గిన్నెలో వేసి, నూనె వేడి చేసి దాని మీద పోస్తుంది. సుయ్యిమని పొంగుతుంది, వెల్లుల్లి పచ్చివాసన పోయి, ఇల్లంతా పప్పుకి తాలింపు పెట్టినట్టు ఘుమఘుమ. పదిసార్లు ఊపిరి పీల్చేంతసేపు ఆగి అప్పుడు రసం పోస్తుంది. నూనె పొగలొచ్చేంత కాగితే మాత్రం వెల్లుల్లి ఎర్రబడి చేదెక్కుతుంది. వేలు దగ్గర పెడితే వేడి తెలియాలి, అంతే.

ఇప్పుడు వేళలు. ఉప్పు మాంసం లోపలికి నెమ్మదిగా దిగుతుంది, దానికి ఒక రోజు ఇస్తే సంతోషం. పులుపు అలా కాదు, పైన కొన్ని మిల్లీమీటర్లు దాటి పోదు, ఎంతసేపు ఉంచినా ఆ పై పొర మీదే పని చేస్తూ దాన్ని పిండి చేసేస్తుంది. మీ అంచులు పిండిపిండిగా అయ్యింది అందుకే. రెండు రోజులు నానితే లోపలికి ఇంకా బాగా పడుతుందనుకోవడం మన చికెన్ పెరుగు అలవాటు, పెరుగు మెత్తటి పులుపు కాబట్టి ఓర్చుకుంటుంది, నిమ్మ ఓర్చుకోదు. కాబట్టి 23 ఉదయం ఉప్పులో మూడొంతులు మాత్రం ముక్కకి రుద్ది ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ రాత్రి పడుకోబోయే ముందు మిగిలిన ఉప్పుతో మోహో చేసి, పూర్తిగా చల్లారాక పట్టించండి. రాత్రంతా చాలు, పన్నెండు గంటలు దాటనివ్వకండి. సన్న చాకుతో ముక్క నిండా రెండంగుళాల లోతు గాట్లు పొడిచి, ఆ కన్నాల్లోకి వెల్లుల్లి ముద్ద వేలితో కూరండి, రుచి లోపలికి వెళ్లేది అలాగే, నానబెట్టడం వల్ల కాదు. పైనాపిల్, పచ్చి బొప్పాయి ఎవరైనా కలపమంటే దండం పెట్టి వదిలెయ్యండి, నాలుగు గంటలు కాలే ముక్కకి అవి దండగ.

గిన్నె గాజుదో స్టీలుదో వాడండి, లేదా మందపాటి జిప్ కవరు. నా మొదటి ఏడాది పెద్ద గిన్నె లేక అల్యూమినియం డబరాలో రాత్రంతా పెట్టాను. పొద్దున చూస్తే గిన్నె అడుగు నల్లగా మచ్చలు, రసం బూడిదరంగు, వండాక ప్రతి ముక్కలో రేకు నాకినట్టు రుచి. పదిమంది అతిథులు. అందరూ మర్యాదగా అన్నం, నల్లబీన్స్ తిన్నారు.

24న కాల్చడానికి గంట ముందు ముక్క బయటపెట్టి, పైన అంటిన వెల్లుల్లి తునకలన్నీ గీకేసి (మాడి చేదయ్యేవి ఇవే), టిష్యూతో తడి అద్దండి. కారిన మారినేడ్ (ముక్క నానిన మోహో రసం) పారబొయ్యకండి. మీ ఓటీజీకి నేనైతే ఎముక లేని ముక్క తీసుకుని రెండుగా కోస్తాను, ఎందుకంటే 60 లీటర్లలో రెండున్నర కిలోల ఒంటి ముక్క పై రాడ్‌కి మరీ దగ్గరవుతుంది. కింది అర మీద ట్రే, ట్రేలో ఉల్లి చక్రాలు పరిచి వాటి మీద ముక్కలు కొవ్వు వైపు పైకి పెట్టి, ఆ మారినేడ్, ఒక కప్పు నీళ్లు ట్రేలో పోసి, పైన ఫాయిల్ గట్టిగా బిగించండి. 150 డిగ్రీలు, రెండు రాడ్లూ. రెండు ముక్కలైతే సుమారు మూడు గంటలు, ఒకే ముక్కైతే నాలుగు దాటుతుంది. గంటకోసారి ట్రేలో నీళ్లున్నాయో లేదో చూడండి. ఇంకోటి, చాలా ఓటీజీల టైమర్ 60 నిమిషాలకి టింగుమని ఆగిపోతుంది, స్టే ఆన్ మీద పెట్టకపోతే మీరు వంటింట్లోంచి వెళ్లి సీరియల్ చూసొచ్చేసరికి ముక్క చల్లగా కూర్చుని ఉంటుంది.

థర్మామీటర్ కొనండి. బతిమాలుతున్నాను. ఓటీజీ చక్రం మీద 150 అని ఉంటే లోపల 150 ఉందని కాదు, గుచ్చి చూసే థర్మామీటర్ ఒక్కటే నిజం చెప్తుంది. ముక్క మధ్యలోకి గుచ్చండి, ఎముక ఉంటే దానికి తగలనివ్వకండి. 70 దగ్గర ముల్లు చాలాసేపు కదలకపోవచ్చు, లోపలి తడి బయటికొచ్చి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది కాబట్టి. ఫాయిల్ మూసి ఉంటే ఇది తక్కువ, తెరిచి కాలిస్తే గంట కూడా పట్టొచ్చు. అప్పుడు టెన్షన్ పడి వేడి పెంచకండి. 92 దగ్గర చాకు గుచ్చితే వెన్నలో దిగినట్టు దిగాలి, దిగకపోతే ఇంకో ఇరవై నిమిషాలు. అంకె కంటే చాకు మాట వినండి.

అప్పుడు బయటికి తీసి, అదే ఫాయిల్ కప్పి అలా వదిలెయ్యండి, అరగంటైనా సరే, గంటన్నరైనా సరే. ఇది మనవాళ్లకి వరం లాంటి పద్ధతి, ఏడింటికి రమ్మంటే ఎనిమిదిన్నరకి వస్తారు కదా. తీపి పూత అతిథులు చెప్పులు విప్పుతున్నప్పుడు మొదలుపెట్టొచ్చు.

గ్లేజ్, అంటే ఈ తీపి పూత గురించి ఒక నిజం చెప్పాలి. క్యూబా పెద్దలు లెచోన్ మీద తీపి పూయరు. ఆ పెద్దావిడ నా ముక్క మీద మెరుపు చూసి, ఇది హామ్ (ఉప్పు పట్టించిన పంది తొడ) అనుకున్నావా అంది. క్రిస్మస్ హామ్‌కి పంచదార పూత పూసే అమెరికన్ అలవాటు, మోహో పులుపు రెండూ ఒకే పళ్లెంలోకి వచ్చిన వంట ఇది. సంప్రదాయం కాదని మానెయ్యమనను, నాకిష్టం, కానీ పూత పలచగా ఉండాలి, ముక్క నోట్లో పెడితే ముందు పులుపూ వెల్లుల్లీ తెలిసి తీపి వెనక రావాలి.

మీ పూత ఎందుకు మాడిందంటే, తేనెలో ఉండే చక్కెర మామూలు పంచదార కంటే చాలా తక్కువ వేడికే రంగు మారుతుంది, దాన్ని 200 డిగ్రీల్లో గంటన్నర ఉంచితే బొగ్గు కాక ఏమవుతుంది. నేను బెల్లంతో చేస్తాను. అర లీటరు కమలారసం, 100 గ్రాముల బెల్లం (కొంచెం నీళ్లలో కరిగించి వడకట్టండి, ఇసుక ఉంటుంది), రెండు ఎండుమిర్చి గింజలు దులిపి, ఉప్పు చిటికెడు. వెడల్పు మూకుడులో మరిగించండి, మొత్తం 200 మిల్లీలీటర్లకి దిగాలి. లేతపాకం దగ్గర ఆపాలి: రెండు వేళ్ల మధ్య జిగురుగా అంటుకోవాలి కానీ తీగ సాగకూడదు. తీగపాకం వచ్చిందంటే ముక్క మీద చిక్కీలా బిగుసుకుంటుంది, అప్పుడు రెండు చెంచాల నీళ్లు పోసి వెనక్కి తెచ్చుకోండి. అరిసెలు చేసే అమ్మమ్మ ఇంట్లో ఉంటే పాకం ఆవిడకి అప్పజెప్పండి, నాకంటే బాగా చూస్తారు. దించాక రెండు చెంచాల నిమ్మరసం, ఒక కమలా తొక్క పైపైన తురిమి కలపండి, తెల్లపొర తగలకుండా. మరిగిన రసంలో కమలా వాసన పోతుంది, ఈ తురుమే మళ్లీ తెస్తుంది.

చేదు గురించి ఇంకో మాట, ఎందుకంటే మీకొచ్చిన చేదు అంతా మాడు చేదు కాకపోవచ్చు. పండ్లు మిక్సీలో వేసి తిప్పితే గింజలూ తెల్లపొరా నలిగి రసం చేదెక్కుతుంది, మరిగిస్తే అది ఇంకా తేలుతుంది. చేత్తో పిండే దానితో తీసి వెంటనే పొయ్యి మీద పెట్టండి. బత్తాయి మాత్రం వద్దు, తాగడానికి హాయి కానీ మరిగిస్తే చేదు. డబ్బా ఆరెంజ్ డ్రింకులూ వద్దు, అవి రంగు కలిపిన చక్కెర నీళ్లు. ఇవన్నీ గొడవనిపిస్తే ఆరెంజ్ మార్మలేడ్ మూడు చెంచాలు, నిమ్మరసం ఒక చెంచా, వేడినీళ్లు రెండు చెంచాలు కలిపేసుకోండి, నేను పెద్ద ఆర్డర్లలో అదే చేస్తాను, ఎవరూ పట్టుకోలేదు ఇప్పటిదాకా.

పూయడం: ముక్కని పొడి ట్రేలోకి మార్చండి. ఓటీజీ 210, పై రాడ్ ఒక్కటే. ముందు పూత లేకుండా ఐదారు నిమిషాలు పెట్టి పైన తడి ఆరనివ్వండి, తడి మీద పూస్తే పాకం జారి ట్రేలో చేరి మాడుతుంది. ఆరాక బ్రష్‌తో పలచగా ఒక పూత, ఐదు నిమిషాలు. బుడగలు చిన్నగా, దగ్గర దగ్గరగా వస్తుంటే సరిగ్గా ఉంది. రెండో పూత, ఐదు నిమిషాలు. మూడోది, ఇక అక్కడే నిలబడండి, ఫోన్ ఎత్తకండి. బెల్లంరంగు నుంచి పండిన ఈతకాయ రంగులోకి వచ్చిందా, తీసెయ్యండి. ఒక మూల మాడినట్టు అనిపిస్తే ఆ మూల మీద చిన్న ఫాయిల్ ముక్క కప్పి మిగతాది కానివ్వండి.

ముక్క తోలుతో వస్తే గ్లేజ్ మర్చిపోండి. అప్పడంలా కరకరలాడే తోలు, మెరిసే పాకం ఒకే ముక్క మీద కుదరవు, పాకం తగిలిన తోలు అరగంటలో రబ్బరవుతుంది. తోలు తీయించి, పావు అంగుళం కొవ్వు ఉంచమని షాపులోనే చెప్పండి, పూత పట్టేది ఆ కొవ్వు మీదే, దాని మీద అడ్డంగా నిలువుగా సన్న గీతలు పెట్టుకోండి.

మొదటి ట్రేలో మిగిలిన రసం ఉంది కదా, పైన తేలిన కొవ్వు గరిటెతో తీసేసి, ఉల్లి మెదిపి, గట్టిగా మరిగించి, చివర నిమ్మ పిండండి. అన్నంలోకి ఇదే అసలు సరుకు. పచ్చి మాంసం నానిన మారినేడ్‌ని అలాగే పూతలో కలిపేవాళ్లున్నారు, ఆ పని మాత్రం ఎప్పుడూ చెయ్యకండి, బాగా తెర్లేదాకా మరిగిస్తేనే తినడానికి పనికొస్తుంది.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఆ రసంలోనే మూతపెట్టి వెచ్చబెట్టుకోండి. లేదా బ్రెడ్ మధ్య ఈ పోర్క్, హామ్, స్విస్ చీజ్, ఉప్పులో ఊరిన దోసకాయ ముక్కలు, ఆవపేస్టు పెట్టి పెనం మీద బరువుతో అదమండి, అదే క్యూబన్ శాండ్‌విచ్. మా టాంపాలో సలామీ కూడా వేస్తారు, మయామీవాళ్లు వెయ్యరు, ఈ విషయం మీద రెండు ఊళ్లకీ ఎప్పటినుంచో పడదు. షాపులో ముక్క తోలుతో ఇచ్చారా, ఎముకతోనా, బరువెంత తేలింది అనేది 23 లోపు రాస్తే గంటల లెక్క సరిచేసి చెప్తాను.